ఎవరి మాటకు పూచీ?

మా పక్క ఊరి కుర్రాడొకడు గంజాయి కేసులో పట్టుబడ్డాడు. పేరు రాయను. కేసు ఇంకా నడుస్తోంది. సంత నుంచి వచ్చే ఆటోలో నలుగురున్నారు, మూడు బస్తాలున్నాయి. మూడూ కలిపి తూస్తే 20 కిలోలు దాటాయి. ఒక బస్తా తనదేనని, అందులో ఏముందో తనకు తెలియదని, రోడ్డు దాకా మోస్తే కూలి ఇస్తామన్నారని వాడు చెప్పాడు. కాగితం మీద మాత్రం మూడు బస్తాలూ నలుగురి పేరునా పడ్డాయి.

పదకొండు నెలల తర్వాత హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఆ రోజు వాడి తండ్రి మా ఇంటికొచ్చి, "బాబూ, వాడొచ్చేస్తున్నాడు" అని చెప్పి వెళ్ళాడు. వాడు రాలేదు. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఒక్కొక్కరూ యాభై వేలకు పూచీ పడాలి. మర్నాడు మళ్ళీ వచ్చి, కోర్టు దాకా తోడు రమ్మన్నాడు. ఆయనది కువి భాష. తెలుగు అర్థమవుతుంది గాని నల్లకోటు ముందు నోరు రాదు. నేను మాస్టారిని, రెండు భాషలూ వచ్చు.

కోర్టులో గుమస్తా అడిగాడు: "జామీనుదారులు ఏరీ?"

"నేనున్నాను బాబూ" అన్నాడు తండ్రి.

"ఆస్తేముంది?"

ముసలాయన చంకలోని సంచీ తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న అటవీ హక్కుల పట్టా చూపించాడు. ఆ కాగితం కోసం ఆయన ఎన్ని ఏళ్ళు తిరిగాడో మా ఊళ్ళలో అందరికీ తెలుసు. గుమస్తా దాన్ని చూసి, కోపం లేకుండానే తిరిగిచ్చేశాడు. "ఇది పనికిరాదు పెద్దాయనా. దీన్ని అమ్మలేవు, తాకట్టు పెట్టలేవు. రేపు మీవాడు పారిపోతే దీనిమీద డబ్బు ఎలా రాబడతారు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాణ్ణి గాని జీతమొచ్చే ఉద్యోగిని గాని తీసుకురా."

బస్సులో తిరిగొస్తుంటే ఘాటీ మలుపుల్లో ఆయన నన్నొక మాట అడిగాడు. "నేను వాడి తండ్రిని. నాకంటే వాడికి పూచీ ఎవడు?"

ఆ ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు కోర్టు వైపు నుంచి చూద్దాం. తీవ్రమైన నేరం మోపబడిన మనిషి బెయిలు అడిగినప్పుడు కోర్టు చూసేవి కొన్ని ఉన్నాయి. ఆరోపణ ఎంత పెద్దది, రుజువైతే శిక్ష ఎంత, పైపైన చూస్తే సాక్ష్యం ఎంత బలంగా ఉంది, బయటికొస్తే పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, మళ్ళీ అదే పని చేస్తాడా, పాత కేసులున్నాయా. చావుశిక్షో యావజ్జీవమో పడే నేరం చేశాడని నమ్మే కారణాలుంటే మేజిస్ట్రేటు మామూలుగా వదలకూడదని చట్టం అంటుంది. ఆడవాళ్ళు, రోగులు, పిల్లల విషయంలో సడలింపు ఉంది. సెషన్స్ కోర్టుకు, హైకోర్టుకు అంతకంటే విశాలమైన అధికారం ఉంది. వాళ్ళు కేసు కేసుకూ తూచి చూడాలి.

ఇందులో అన్యాయమేమీ కనబడదు. నేరం చేశాడా లేదా అన్నది బెయిలు దగ్గర తేలే విషయం కాదు, అది విచారణలో తేలాలి. అప్పటిదాకా ఈ మనిషిని బయట ఉంచితే న్యాయానికి దెబ్బ తగులుతుందా అన్నదే ప్రశ్న. 1977 డిసెంబరులో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు మన ఆంధ్ర నుంచే ఒక కేసు వెళ్ళింది. గుడికంటి నరసింహులు కేసు. హత్య కేసులో కింది కోర్టు విడిచిపెట్టగా హైకోర్టు యావజ్జీవం వేసింది. అప్పీలు తేలేదాకా బెయిలు కావాలన్నారు. నేరం ఎంత పెద్దదో ఒక్కటే చూసి ఆయన తలుపు మూసేయలేదు. ముందు బయట ఉన్నప్పుడు వీళ్ళు ఎలా నడుచుకున్నారు, ఇంటి మగవాళ్ళందరూ లోపలుంటే ఆ ఇల్లు ఏమవుతుంది అని కూడా చూసి బెయిలు ఇచ్చారు. బెయిలు నిరాకరించడమంటే ముందుగానే శిక్ష వేయడం కాకూడదన్నది ఆ తీర్పులోని నీతి.

మరుసటి ఏడాది, 1978లో, మోతీరాం అనే తాపీమేస్త్రి కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో బెయిలు వచ్చాక మేజిస్ట్రేటు పదివేల రూపాయలకు జామీను అడిగాడు. మోతీరాం సోదరుడు నిలబడతానంటే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమంది. 1979లో బీహారు జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గిన విచారణ ఖైదీల కోసం వేసిన హుసైనారా ఖాతూన్ కేసులో కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. మనిషికి సమాజంలో వేళ్ళున్నాయా అని చూడండి, వేళ్ళుంటే డబ్బు జామీను లేకుండానే వదలండి అంది. ఎన్నాళ్ళుగా అక్కడ ఉంటున్నాడు, పనేమిటి, కుటుంబ బంధాలేమిటి, పేరెలాంటిది, అతని తరఫున మాట చెప్పగల ఊరి పెద్దమనుషులెవరు? ఇవీ ఆ వేళ్ళకు గుర్తులు.

ఇది చదివినప్పుడు నాకు ముసలాయన గుర్తొచ్చాడు. ఆ ఇంటివాళ్ళు ఆ కొండను వదిలి ఎక్కడికీ పోలేదు. తాత సమాధి రాయి ఊరవతలే ఉంది. పోడు చేను ఉంది, వచ్చే ఏటి విత్తనం అటక మీద ఉంది, పెళ్ళి సంబంధాలన్నీ నాలుగు ఊళ్ళ లోపలే. ఆ కుర్రాడు పారిపోవాలన్నా ఎక్కడికి పోతాడు? విశాఖపట్నం బస్టాండులో దిగితే బోర్డు చదవలేడు. మన దేశంలో ఒకచోట వేళ్ళు దిగిన మనుషులెవరని అడిగితే ఆదివాసులనే చెప్పాలి. బెయిలు దగ్గర మాత్రం వేళ్ళు లేనివాళ్ళుగా లెక్కపడేదీ మనమే. ఎందుకంటే అక్కడ వేళ్ళంటే పాసుపుస్తకం, వేళ్ళంటే జీతం చీటీ. అటవీ హక్కుల చట్టం మన భూమిని వారసులకు దక్కనిచ్చింది, అమ్మకుండా కట్టేసింది. ఆ కట్టు మన మేలుకే. అమ్ముడుపోని భూమి కాబట్టే అది మనకు మిగిలింది. అదే కారణంతో అది మనవాళ్ళను జైలు నుంచి విడిపించలేకపోయింది. పోగొట్టుకోగల ఆస్తి ఉన్నవాణ్ణే నమ్ముతారు. పోగొట్టుకోలేని బంధం ఉన్నవాణ్ణి నమ్మే పద్ధతి ఆ గుమస్తా రిజిస్టరులో లేదు.

ఇది జామీను సంగతి. కొన్ని చట్టాల్లో జామీను దాకా రావడమే కష్టం. మత్తుమందుల చట్టం 37వ సెక్షను ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే, పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పినప్పుడు, కోర్టుకు రెండు నమ్మకాలు కుదరాలి. ఈ మనిషి దోషి కాదనుకోవడానికి తగిన కారణాలున్నాయని ఒకటి, బయటికొచ్చి ఏ నేరమూ చేయడని రెండోది. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు, కోర్టు అనుమతిస్తే ఏడాది దాకా. ఉపా చట్టంలో 2008లో చేర్చిన నిబంధన ప్రకారం ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు లేదు. 2019లో సుప్రీంకోర్టు ఆ దశలో సాక్ష్యాన్ని లోతుగా తరచి చూడకూడదని చెప్పాక ఆ తలుపు ఇంకా బిగిసింది.

ఇక్కడ నీతి ప్రశ్న మారిపోతుంది. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి అని మనకు బడిలో చెప్పారు, నేను కూడా పిల్లలకు చెబుతాను. ఈ సెక్షన్ల కింద మాత్రం విచారణ మొదలు కాకముందే, సాక్షి ఒక్కడూ నోరు విప్పకముందే, తాను దోషి కాదనిపించుకోవాల్సిన బరువు ముద్దాయి నెత్తిన పడుతుంది. ఇంగ్లీషులో ఉన్న కాగితాలను తెలుగే సరిగా రాని మనిషి ఎలా కాదంటాడు? పంచనామాలో వాడి వేలిముద్ర ఉంది. ఆ వేలిముద్ర పైన రాసిందేమిటో వాడికి మొట్టమొదట చదివి చెప్పినవాణ్ణి నేను, జైలు ములాఖత్‌లో, పట్టుబడిన నాలుగు నెలలకు.

ఆలస్యం కూడా కోర్టులు చూడాల్సిన విషయమేనని సుప్రీంకోర్టు తర్వాత గుర్తించింది. 2021లో నజీబ్ కేసులో, విచారణ త్వరగా ముగిసే దారి లేనప్పుడు ఉపా నిబంధన రాజ్యాంగ కోర్టుల చేతులు కట్టేయలేదని చెప్పి, అయిదేళ్ళకు పైగా జైల్లో ఉన్న మనిషికి బెయిలు నిలబెట్టింది. 2023లో ఒక గంజాయి కేసులోనూ ఏడేళ్ళు గడిచాక అదే తర్కం వినిపించింది. ఈ తీర్పులు మేలు చేసేవే. కాని వాటిలో దాగి ఉన్న లెక్క చూడండి. ఒక మనిషి స్వేచ్ఛకు విలువ పెరగాలంటే ముందు అతని జీవితంలో అయిదో ఏడో ఏళ్ళు పోవాలి.

మన సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర 2017 ఏప్రిల్‌లో మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ జవాన్లకూ తల్లులున్నారు, ఆ నేరం చిన్నది కాదు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసుల్ని పట్టుకెళ్ళారు. 2022 జులైలో కోర్టు 121 మందిని నిర్దోషులని విడిచిపెట్టింది. అయిదేళ్ళు గడిచిపోయాయి. నేరం ఎంత పెద్దదైతే దాన్ని ఎవరు చేశారో అంత జాగ్రత్తగా చూడాలి కదా? జరిగేది తలకిందులుగా ఉంటుంది. నేరం ఎంత పెద్దదైతే పట్టుబడ్డవాడు అంత గట్టిగా దోషిలా కనబడతాడు. ఆరోపణ తీవ్రత ఆరోపణను కొలుస్తుంది. మనిషిని కొలవదు.

జార్ఖండ్‌లో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసుల గురించి ఏళ్ళపాటు పనిచేసిన స్టాన్ స్వామి, తానే విచారణ ఖైదీ అయి, బెయిలు తేలకుండానే 2021 జులై 5న 84 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన మీది ఆరోపణ నిజమో కాదో ఏ కోర్టూ తేల్చలేదు. ఇక తేల్చబోదు కూడా.

ఇంతవరకు చెప్పింది మనకు ఇష్టమైన సగం. రెండో సగం చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

మా ప్రాంతంలో చిల్లంగి అనే మాట వింటే ఇప్పటికీ మనుషులు గొంతు తగ్గిస్తారు. ఊళ్ళో జ్వరాలొచ్చి పిల్లలు పోతే ఎవరో ఒక ముసలి మనిషి మీద అనుమానం పడుతుంది. అక్కడ బెయిలు లేదు, వాయిదా లేదు, ప్లీడరు లేడు. అనుమానమే రుజువు. మనిషి మాటే చాలు, మా ఊరి కట్టుబాటే న్యాయమని గొప్పలు చెప్పుకునే మనం ఆ రాత్రుల్ని గుర్తుపెట్టుకోవాలి. అలాంటి చోట రుజువయ్యేదాకా నిర్దోషి అన్న కోర్టు మాట మన కట్టుబాటు కంటే ఎత్తయినది. అలా చంపబడ్డ మనిషి కూతురు, ముద్దాయిలకు బెయిలు వచ్చి ఊళ్ళోకి తిరిగొస్తే, అదే బావి దగ్గర వాళ్ళ ఎదుట నీళ్ళు తోడుకోవాలి. ఆమె భయం కోర్టు చూడాల్సిన విషయమా కాదా? చూడాల్సిందే.

అలాగే మన ఆడపిల్ల మీద బయటివాడు అఘాయిత్యం చేస్తే, వాడు మూడో వారానికే పూలదండతో బయటికొస్తే, బెయిలు హక్కు అని మనం అంటామా? ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ముందస్తు బెయిలుకు అడ్డం కట్టింది. బెయిలు విచారణలో బాధితుల మాట వినాలని కూడా చెప్పింది. ఆ నిబంధనల కోసం మన సంఘాలే పోరాడాయి. మనవాడు ముద్దాయి అయితే బెయిలు కావాలి, మనవాళ్ళు బాధితులైతే బెయిలు వద్దు! ఈ రెండు నాలుకల మాటను ఎలా సరిచేసుకోవాలి?

నాకు తోచింది ఇది. బెయిలు నిరాకరించడానికి న్యాయమైన కారణాలు భయాలే. పారిపోతాడన్న భయం, సాక్షిని చెడగొడతాడన్న భయం, మళ్ళీ హాని చేస్తాడన్న భయం. వీటిని ఈ మనిషిని, ఈ ఊరిని, ఈ సాక్షిని చూసి తూచాలి. పలుకుబడి ఉన్నవాడు, పదిమంది మనుషులున్నవాడు, బాధితురాలి ఇంటి ముందునుంచే రోజూ నడిచేవాడు, వాడి విషయంలో ఆ భయం నిజమైనది. కూలికి బస్తా మోసినవాడి విషయంలో ఆ భయానికి ఆధారమేది? రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే, జవాబులు వేరు. అప్పుడు మనం రెండు నాలుకలతో మాట్లాడినట్టు కాదు. సెక్షను నంబరు చూసి, బస్తాల బరువు చూసి, పాసుపుస్తకం చూసి తేల్చేస్తే మాత్రం ఆ భయాలేవీ తూచినట్టు కాదు. డబ్బున్నవాడికి పారిపోయే దారులు ఎక్కువ, సాక్షుల్ని కొనే శక్తి ఎక్కువ. జామీను కాగితం అతన్నే ఎక్కువ నమ్మదగినవాడిగా చూపిస్తుంది.

ఇంకొకటి ఉంది. కోర్టు కూడా మనుషులతో నడిచేదే, తప్పు చేయవచ్చు. ప్రమాదకరమైనవాణ్ణి వదిలి తప్పు చేస్తే అది కనబడుతుంది, పేపర్లో వస్తుంది, జడ్జి పేరు నలుగురూ అనుకుంటారు. అమాయకుణ్ణి లోపల ఉంచి తప్పు చేస్తే అది ఎక్కడా కనబడదు. ఆ తప్పు ఒక కొండ మీది ఇంట్లో, దున్నని చేనులో, బడి మానేసిన పిల్లలో ఉండిపోతుంది. కనబడే తప్పుకు భయపడటం మనిషి స్వభావం. 2022 నాటి జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. అదే ఏడాది నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, జైళ్ళలో మగ్గే పేదల గురించి ఆలోచించమని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు పెద్దల ముందే అడిగారు. ఆమె కూడా మనలాంటి ఆదివాసీ బిడ్డే.

ఆ తర్వాత 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవా సంస్థకు చెప్పాలి. నెలలోగా జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించవచ్చేమో కోర్టు తానే పరిశీలించవచ్చు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే వదలాలని ఉంది. చావుశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు. మా కుర్రాడి సెక్షనుకు గరిష్ఠ శిక్ష 20 ఏళ్ళు. మూడో వంతు అంటే ఆరేళ్ళ ఎనిమిది నెలలు. ఈ దయ కూడా అంత దూరాన ఉంది.

ఇక నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా కోర్టును తప్పుపట్టే హక్కు నాకు లేదు.

గుమస్తా "జీతమొచ్చే ఉద్యోగి" అన్నప్పుడు నేను ముసలాయన పక్కనే నిలబడి ఉన్నాను. నా చొక్కా జేబులో గుర్తింపు కార్డు ఉంది. నేనేమీ అనలేదు. ముసలాయన నా వైపు చూడలేదు, అడగలేదు. బస్సులో ఆ ప్రశ్న వేసినప్పుడు కూడా నిజానికి ఆయన నన్ను అడగలేదేమో. గంజాయి కేసుకు జామీనా, రేపు వాడు వాయిదాకు రాకపోతే నా జీతం మీద పడుతుంది, పైవాళ్ళు నోటీసిస్తారు, అని నాకు నేను చెప్పుకున్నాను. వాణ్ణి చిన్నప్పటి నుంచి ఎరుగుదును. రెండో తరగతిలో నా దగ్గరే పలక పట్టాడు. అయినా ఆ రోజు నేను చూసింది వాణ్ణి కాదు, సెక్షను నంబరునే. కోర్టు ఏ తూకంతో తూచిందో నేనూ అదే తూకంతో తూచాను.

అలా రెండు నెలలు గడిచాయి. చివరికి మా ఆవిడ అంది, "వాళ్ళ నాన్నకు పాసుపుస్తకం లేదు. నీకు ఉన్నదేదో ఎందుకుంది మరి?" మరుసటి సోమవారం నేనూ నా తోటి మాస్టారొకాయనా వెళ్ళి సంతకాలు పెట్టాం. ఆ సాయంత్రం వాడు బయటికొచ్చాడు. కోర్టు ఇచ్చిన స్వేచ్ఛను రెండు నెలలు ఆపింది చట్టమే కాదు, నా భయం కూడా.

వాడు ఆ బస్తాలో ఏముందో తెలిసే మోశాడా? నాకు తెలియదు. అది విచారణలో తేలాలి. వాయిదా ఉన్న రోజు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుంటాడు, నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. ఒకసారి వానల్లో ఘాటీలో కొండచరియ విరిగి బస్సు ఆగిపోతే, వారంటు వస్తుందని సగం దూరం నడిచి వెళ్ళాడు. పారిపోతాడని కోర్టూ నేనూ భయపడ్డ మనిషి అతనే.

మన సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళు జామీను నిలబడటం సిగ్గు అనుకోవడం మానాలి. గ్రామసభ తీర్మానం చేసి, ఈ మనిషి మా ఊరివాడు, మేం పిలిస్తే వస్తాడు అని రాసిచ్చి, ప్లీడరు చేత కోర్టు ముందు పెట్టించాలి. మాట చెప్పగల ఊరి పెద్దల్ని చూడమని 1979లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఆ మాటను వాడుకుందాం. జామీను దొరకనివాళ్ళ పేర్లు న్యాయసేవా సంస్థకు మనమే అందిద్దాం. బాధితులు మనవాళ్ళయినప్పుడు బెయిలు విచారణ రోజున వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ భయాన్ని వాళ్ళ భాషలో చెప్పిద్దాం.

ముసలాయన ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది: "నీకంటే వాడికి పూచీ ఎవడూ లేడు మామా. ఆ మాట కాగితం మీదికి ఎక్కేదాకా నీ పక్కన నిలబడటం మా పని." ఆలస్యంగా చెప్పాను. ఆయన ఆ మాటకేమీ అనలేదు. చేలో రాగులు కోతకొచ్చాయి, కొడుకును తీసుకుని అటు వెళ్ళాడు.